పేరు కోసేసిన పటం

బహ్రెయిన్‌లోని ఉమ్మ్ అల్ హస్సామ్‌లో నేను పనిచేసే ఫ్రేముల దుకాణానికి పెళ్ళి ఫోటోలు, సర్టిఫికెట్లు, ఖురాన్ వాక్యాలు వస్తాయి. మిగతా దేవుళ్ళు రావడం తక్కువ. అందుకే ఒక థాయిలాండ్ ఆమె గుడ్డసంచిలోంచి చుట్టిన పటం తీయగానే నాకు అనుమానం వచ్చింది. నాది అనుమానపు బుద్ధే, ఒప్పుకుంటాను. ఎవరైనా చాయ్ ఇప్పిస్తే ఎందుకిప్పించాడా అని ఆలోచించే రకం.

కాగితం మీద గీసిన నిలువు పటం. సింహాసనం మీద తెల్లగడ్డం దేవుడు, చేతిలో విసనకర్ర, చుట్టూ కొలువు. తమది కొండల్లో ఉండే యావ్ జాతి అనీ, చైనా నుంచి వచ్చిన తమ తావో మతంలో అందరికంటే పైనుండే ముగ్గురిలో ఈయన ఒకడనీ, తన తండ్రి పూజారనీ వచ్చీరాని హిందీలో చెప్పింది. పటం చినిగిపోతోంది, అద్దం బిగించి ఇవ్వమంది. చనిపోయిన తండ్రి గుర్తుగా తనకు మిగిలింది ఇదొక్కటేనట.

వెనక్కి తిప్పి చూశాను. కింది మూలన ఏదో రాత. దాని నడుమ అగ్గిపెట్టెంత ముక్క కత్తితో కోసేసి ఉంది. ఇంకేముంది, అది యజమాని పేరుండే చోటు. దొంగసొత్తే!

మా తాత ఊరూరా తిరిగి, గుడ్డ మీద గీసిన దేవుళ్ళ పటం విప్పి చూపిస్తూ కథ చెప్పేవాడు. మా పటాలకు కళ్ళు ఆఖరున దిద్దుతారు. దిద్దాక అది బొమ్మ కాదు, దేవుడు. పాతబడితే పూజ చేసి గోదావరికి ఇవ్వాలి. "కండ్లు దెరిసిన పటాన్ని అమ్మొద్దు బిడ్డా, ఆగమైతం" అనేవాడు. అలాంటిది, పేరు కోసేసిన పటానికి ఈ బహ్రెయిన్‌లో ఏం పని?

దుకాణం చూసుకునే మలయాళీ భాయ్ చెవిన వేశాను. ఆయనకు పోలీసులంటే వణుకు. కాగితాలు చూపించేదాకా పటం ఇవ్వొద్దన్నాడు. ఆమె డ్యూటీ దిగి అవతలి దీవిలోని అరాద్ నుంచి బస్సులో మూడుసార్లు వచ్చింది. రెండుసార్లు పని కాలేదని అబద్ధమాడి పంపేశాను. మూడోసారి నా మొహం చూసి, దొంగననుకుంటున్నావా అని అడిగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటోంది అనుకున్నాను. ఆ పేరు ఎవరు కోశారని నేనూ మొహం మీదే అడిగేశాను.

"మా నాన్నే. ఆయన తర్వాత కొలిచేవాళ్ళు లేరని, పూజ చేసి దేవుళ్ళను పటాల్లోంచి పంపించేశాడు. మళ్ళీ మా ఇల్లు వెతుక్కుంటూ రాకుండా మా పేరు కోసేశాడు. మిగతా పటాలు అమ్మేశాడు. ఇది ఉత్త కాగితం. కానీ ఆ కోత మా నాన్న చేతిది."

నేను అప్పటికీ నమ్మలేదు. ఆమె పర్సులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో అగ్గిపెట్టెంత కాగితం ముక్క. దాన్ని ఆ ఖాళీలో పెట్టింది. గీతకు గీత అతికింది. ఒక్క క్షణం ఉంచి, గబుక్కున తీసేసుకుంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమెను కూర్చోబెట్టి అప్పటికప్పుడే అద్దం బిగించాను. పటాల సంగతులు నీకెలా తెలుసని అడిగింది. తాత గురించి చెప్పాను.

"మరి మీ పటం ఏది?"

గోదావరికి ఇచ్చామన్నాను. ఒక్క మాటకే నమ్మి, మంచిపని చేశారంది.

తాత పోయిన ఏడాదే, ఇక్కడికి వచ్చే వీసా కోసం, దాన్ని పట్నంలో ఒకాయనకు అమ్మాను. పూజా లేదు, ఏమీ లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి.