చేతికందే పగుళ్లు

లిఫ్టులు బాగుచేసే ఆయనకు కొండరాళ్లు ఎక్కడమొక్కటే సరదా. పాతికేళ్లుగా ఆయనకు జోడీ బావమరిదే. రాతి పగుళ్లలో ఇరికించి తాడు తగిలించే ఇనుప సరంజామాను ఇద్దరూ చెరిసగం మోసేవారు. నిరుడు బావమరిది మోకాలు పాడైంది. బరువంతా ఈయన వీపు మీదే పడింది.

తేలికవి కొందామని దుకాణానికి వెళ్లాడు.

"ఈ అల్యూమినియం బిళ్లలు తీసుకోండి, పాతవాటిలో సగం బరువు కూడా ఉండవు," అంది దుకాణం ఆవిడ. "పగులులో విచ్చుకుని పట్టే స్ప్రింగువి బరువెక్కువ. వెడల్పు పగుళ్లకు రెండుంటే చాలు. ఇంతకీ మీరు ఎక్కుతుంటే పడిపోకుండా కింద తాడు పట్టేదెవరండీ?"

ఆయన బిళ్లలు కొనుక్కుని ఇంటికొచ్చి బావమరిదికి ఫోన్ చేశాడు.

"నువ్వు ఎక్కొద్దురా. కింద కూర్చుని తాడు పట్టుకో, చాలు."

"చూద్దాంలే బావా."

చూద్దామంటే రానని అర్థం. అది ఆయనకు తెలుసు.

ఆదివారం కొండ దగ్గరికి ఒక్కడే వెళ్లాడు. తాడు తీసుకెళ్లలేదు. నేల మీదే నిలబడి, చేతికందే పగుళ్లలో కొత్త బిళ్లలు ఒక్కొక్కటే ఇరికించి గట్టిగా గుంజాడు. ఒక్కటీ ఊడలేదు.

"భలే పట్టిందిరోయ్!" అంటూ వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు.

అన్నీ ఊడదీసి సంచీలో వేసుకుని, మధ్యాహ్నం కాకముందే ఇల్లు చేరాడు.