శుక్రవారం కూడా తగ్గని దగ్గు

ఆ ఉదయం టెంఘర్‌లోని సైజింగ్ కార్ఖానాలో గంజి ఉడుకుతుండగా నా ఛాతీ బిగుసుకుపోయింది. స్పృహ తప్పి పడిపోయానని, నలుగురు ఆసుపత్రికి మోసుకెళ్లారని చాలామందికి చెప్పాను. అది అబద్ధం. దగ్గుకుంటూ నడిచే వెళ్లాను.

మగ్గానికెక్కే ముందు పడుగు నూలుకు గంజి పట్టించడం నా పని. వానకాలంలో గంజి బూజు పట్టకుండా పారాఫార్మాల్డిహైడ్ కలుపుతాం. మా నోట అది ‘పారా’. ఫార్మాలిన్‌లోని నీటిని ఆవిరి చేస్తూ పోతే మిగిలే తెల్లపొడి అది. ప్లైవుడ్ జిగురుకు, రెజిన్లకు కూడా వాడతారు. వేడి తగిలితే మళ్లీ గ్యాస్ అవుతుంది. నేను తూకం వేసేవాణ్ని కాదు. మూత తీసి మొహం వంచేవాణ్ని. కళ్లు మండితే పొడి సరిపోయినట్టు. అది నా ఒక్కడికే తెలిసిన విద్య అని చెప్పుకునేవాణ్ని. నిజానికి అక్కడ అందరూ చేసేదే.

ఎక్స్‌రే బాగుంది. టీబీ లేదన్నారు. పీఎఫ్‌టీ అనే ఊదుడు పరీక్షలో మాత్రం ఊపిరి తక్కువ వచ్చింది. పరాయి రాష్ట్రమైనా డాక్టరమ్మ తెలుగావిడే.

“తాతా, శుక్రవారం కార్ఖానా బంద్ గదా, ఆ దినం తగ్గుతదా?”

“లేదు బిడ్డా. ఆ దినమే ఎక్కువైతది.”

అయితే పనివల్ల కాదేమోనని ఆస్తమా మందులు, ఇన్‌హేలర్ రాసింది. నెల తిరగకుండానే అడ్మిట్ అయ్యాను. ఆక్సిజన్ పెట్టారు. పక్కన కూర్చున్న నా భార్య రాజవ్వ కూడా దగ్గుతోంది.

“అవ్వా, నువ్వు గూడ సైజింగ్‌కు పోతవా?” అని డాక్టరమ్మ అడిగింది.

“నేనెందుకు పోత? ఈయననే ఆ పొడి ఇంటికి తెస్తడు. ఛుట్టీ దినం పెంక మీద కాల్చి తలుపులేస్తడు, నల్లులు సస్తయని. రాత్రికి అండ్లనే పండుకుంటం. నల్లులు మంచిగనే ఉన్నయి, నాకే దమ్ము ఆడ్తలేదు.”

డాక్టరమ్మ నావైపు తిరిగింది. “నాకెందుకు చెప్పలే తాతా? ఇంకేమన్న దాస్తున్నవా? అవ్వ ఊపిరి సంగతిది.”

నల్లుల మందు నేనే కనిపెట్టానని మేముండే గైబీ నగర్ గల్లీ అంతా చాటింపు వేసుకున్నాను. ఆ పొడి కార్ఖానా యజమాని సేఠ్‌ను అడగకుండా తెచ్చింది. అందుకే డాక్టరమ్మకు చెప్పలేదు. ఇక మాస్క్ కొంచెం పక్కకు జరిపాను.

“ఆ పొడి ఇంకో డబ్బా ఉన్నది. బియ్యం డ్రమ్ము ఎనక.”

“అయ్యో, నీ పాడుగాను!” అంటూ రాజవ్వ నెత్తి కొట్టుకుంది.

డబ్బాలు రెండూ సైజింగ్‌కు తిరిగి పంపించాం. రెండు నెలల్లో రాజవ్వ దగ్గు ఆగింది. నాది ఆగలేదు. గంజి దగ్గరికి పోవద్దన్నారు. ఇప్పుడు నాగావ్‌లో ఒక గోదాం ముందు కాపలా ఉంటున్నాను. ఇన్‌హేలర్ జేబులోనే ఉంటుంది.

డాక్టర్‌కు మీ పని పేరు చెప్పి ఊరుకోకండి. ముట్టుకునే పొడి సంచి మీది పేరును ఫోటో తీసి చూపండి, ఇంటికి ఏం తెచ్చారో కూడా చెప్పండి. నేను ఒక నెల చెప్పలేదు. ఆ నెలంతా రాజవ్వ దగ్గింది.