పైకి చదివిన అడ్రసు

పోలీసు స్టేషన్లో అందరూ ఆ హెడ్ కానిస్టేబుల్ని రాజీల హెడ్డు అంటారు. మొగుడూ పెళ్లాల గొడవ ఏదొచ్చినా ఇద్దర్నీ కిటికీ కింది బెంచీ మీద కూర్చోబెట్టి, టీ తాగించి, గంటలో కలిపి పంపించేస్తాడని పేరు. ముప్ఫై ఏళ్లుగా అదే పని. అలా వెళ్లినవాళ్లు ఇంట్లో ఏమయ్యారో ఏనాడూ కనుక్కోలేదనుకోండి, అది వేరే సంగతి. మహానుభావుడికి ఇంకో అలవాటు ఉంది. ఏది రాసినా పైకి చదువుతూ రాస్తాడు. లేకపోతే చెయ్యి కదలదు.

ఒక మధ్యాహ్నం బట్టలు కుట్టే ఒకావిడ ప్లాస్టిక్ కవర్లో కోర్టు కాగితాలు పెట్టుకుని వచ్చింది. భర్త ఆమెను కలవకూడదు, ఫోన్ చేయకూడదు, వంద మీటర్ల లోపలికి రాకూడదు అని జడ్జిగారిచ్చిన ఆర్డరు.

“గది మారిపోయాను సార్. ఎక్కడున్నానో ఆయనకి తెలీదు. కానీ రోజుకి నలభై సార్లు ఫోన్ చేస్తున్నాడు. అదీ తప్పేనని ఇందులో ఉంది.”

హెడ్డు మొదటి పేజీ మీద సీలు చూశాడు. తక్కిన మూడు పేజీలూ తిప్పనైనా లేదు.

“ఫోనే కదమ్మా, వచ్చి కొట్టలేదుగా! ఉండు, పిలిపిస్తాను. కూర్చుని మాట్లాడుకుంటే సగం కోపం ఇక్కడే పోతుంది.”

“వద్దు సార్! దగ్గరికి రాకూడదనేగా ఆర్డరు తెచ్చుకుంది.”

“స్టేషన్లో ఏం చేస్తాడు తల్లీ? మేమంతా చచ్చామా?”

అరగంటలో భర్త వచ్చాడు. తల నున్నగా దువ్వుకుని, చేతులు కట్టుకుని, “బుద్ధి తక్కువై చేశాను సార్” అంటూ కళ్లు తుడుచుకున్నాడు. హెడ్డు అతన్ని అదే బెంచీ మీద, ఆమె పక్కనే కూర్చోబెట్టాడు. కోర్టు వద్దన్న పని పోలీసు చేతుల మీదుగానే జరిగింది. ఆమె నేల చూస్తూ ఉండిపోయింది. మెత్తబడిందనుకున్నాడు హెడ్డు. భయంతో నోరు పెగలకపోతే మెత్తబడడమట! ముప్ఫై ఏళ్ల సర్వీసు నేర్పింది అంతే.

తర్వాత రిజిస్టరు తెరిచి, ఆమె ఇచ్చిన ఫిర్యాదులోంచి ఎక్కించుకున్నాడు. “పాల బూత్ సందు... మూడో ఇల్లు... మేడ మీద గది...”

ఆమె చటుక్కున తలెత్తి ఆయన్ని చూసింది. భర్త నింపాదిగా టీ ముగించి, గ్లాసు కింద పెట్టి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు పొద్దున పదింటికి ఆ ఇంటివాళ్లు స్టేషన్‌కి ఫోన్ చేశారు. హెడ్డు వెళ్లేసరికి బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర మెట్ల మీద పడి ఉంది. ఆమెను అప్పటికే ఆసుపత్రికి తీసుకెళ్లారు. జీపులో బేడీలతో కూర్చున్న భర్త అన్నాడు:

“నేనేం వెతకలేదు సార్. మీరే చెప్పారుగా.”

హెడ్డుకి కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. ఇంటికెళ్లి అన్నం తిన్నాడు, దేని రుచీ తెలియలేదు.

మర్నాడు ఆర్డరు నాలుగు పేజీలూ చదివాడు. ఆమె ఉండే చోటు అతనికి తెలియనివ్వకూడదు. ఆమె తనంతట తాను పిలిచినా అతను వెళ్లకూడదు. మీరితే పోలీసులు వెంటనే అరెస్టు చేయాలి. రాజీ అన్న మాట ఎక్కడా లేదు. అన్నీ చిన్న చిన్న వాక్యాలే, చదవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

“అడ్రసు ఎలా తెలిసిందో తేలలేదని రాసెయ్యవయ్యా,” అన్నాడు ఎస్సై. “ఏడాదిలో రిటైరవుతున్నావు, నీకెందుకొచ్చిన గొడవ?”

ఆసుపత్రిలో ఆమె కుడి చేతికి మోచేతి దాకా కట్టు. రెండు వేళ్లు ఇక వంగవన్నాడు డాక్టరు. ఇక సూది పట్టేదెలా? హెడ్డు వాంగ్మూలం రాసుకోడానికి స్టూలు మీద కూర్చుని, అడగాల్సినవన్నీ వరసగా అడిగి, చివరికి ఆ ప్రశ్న దగ్గరికొచ్చాడు.

“నీ అడ్రసు అతనికి ఎలా తెలిసిందమ్మా?”

ఆమె మొహంలో కోపమైనా లేదు.

“మీకు తెలుసుగా సార్. రాసుకోండి.”

రాయబోయాడు. పైకి చదివితేగానీ చెయ్యి కదలదాయె. చుట్టూ మంచాల వాళ్లంతా వింటుండగా ఒక్కో మాటే పలుకుతూ రాశాడు.

“స్టేషన్లో... హెడ్ కానిస్టేబుల్... నా భర్త ఎదుటే... పైకి చదివారు.”

సంతకానికి కాగితం, పెన్నూ ఆమె ముందు పెట్టాడు. ఆమె పెన్ను ముట్టుకోలేదు. ఎడమ చెయ్యి చాచి, వేలిముద్రకి బొటనవేలు చూపించింది.