రేకుల ఇళ్ళ వీధిలో పిలుపు

దయ్యాల మాట ఎత్తితే నవ్వి లేచి వెళ్ళిపోయే రకాన్ని నేను. ఏలూరులో కాలేజీ చదువు చదివినదాన్ని. అందుకే ఇది ఎవరికీ చెప్పలేదు. పాప నిద్రపోయింది కనుక ఇప్పుడు రాస్తున్నాను.

మావారికి ఆఫీసు పని మీద దక్షిణ అమెరికాలోని బ్యూనస్ ఐర్స్‌కి బదిలీ అయింది. మా పద్మ అప్పటికే నడుస్తోంది. కొల్లేటికోటలో మా అమ్మమ్మ మోకాళ్ళు వాటేసుకుని నిలబడి, వదిలి, తప్పటడుగులు వేసేది. ఓడలో వారాల తరబడి నా ఒళ్ళోనే ఉంది. దిగాక నడవడం మానేసింది. నేల మీద నిలబెడితే కాళ్ళు ముడుచుకునేది. కాళ్ళు బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు. నాకు మాత్రం కంటిమీద కునుకు లేదు.

నలుగురు పిల్లలను చూస్తే తనకూ నడవాలని బుద్ధి పుడుతుందని రోజూ చంకనేసుకుని ఊరంతా తిరిగేదాన్ని. భాష రాక ట్రాము ఎక్కాలంటే భయం. మా పేటలో రాళ్ళు పరిచిన వీధులు, ఊదా పూలు రాల్చే చెట్లు. అవి దాటితే పెద్ద మేడలు, ఆ తర్వాత సంత. నా చీర చూసి ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చేవారు, పాప చేతిలో రొట్టె ముక్క పెట్టేవారు.

ఒక మధ్యాహ్నం నది ఒడ్డు పేట దాకా వెళ్ళాం. అన్నీ రేకుల ఇళ్ళు. ఓడలకు వేయగా మిగిలిన రంగులు పూశారు. ఒక గోడ నీలం, ఒక తలుపు పసుపు. అందరూ తిని పడుకున్నారేమో, వీధిలో ఎవరూ లేరు. నడుము నొప్పెట్టి పాపను ఒక మెట్టు మీద కూర్చోబెట్టాను.

నదివైపు నుంచి పిలుపు వినబడింది.

"బుల్లెమ్మా, రావే తల్లీ! రేవొచ్చేసింది."

అది అమ్మమ్మ గొంతు. పద్మను బుల్లెమ్మ అనేది ఆవిడొక్కతే. కొల్లేట్లో పడవ దిగినప్పుడల్లా ఆవిడ పిల్లలను అలాగే పేరు పెట్టి పిలిచేది. పిలవకపోతే వాళ్ళ మనసు నీళ్ళ మీదే ఉండిపోతుందని ఆవిడ నమ్మకం.

పాప మెట్టు దిగి నడిచింది. నేను కేకవేసి పరుగెత్తేలోగా నీళ్ళకు కాస్త ఇవతల ఆగి, ఎవరూ లేనిచోట, ఎవరి మోకాళ్ళో వాటేసుకున్నట్టు చేతులు చుట్టి నిలబడింది. తర్వాత నవ్వుతూ నా దగ్గరికి నడిచివచ్చింది.

సాయంత్రం "ఏవండీ, పద్మ నడిచిందండీ!" అన్నాను.

"ఇన్నాళ్ళూ నువ్వు చంక దింపితేగా, పాపం!" అని నవ్వుతూనే ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

పిలుపు సంగతి ఆయనకు కూడా చెప్పలేదు. ఇంటికి మాత్రం పాప నడుస్తోందని రాశాను, అంతే.

రెండేళ్ళ తర్వాత, మొన్న తిరిగొచ్చి కొల్లేటికోట వెళ్ళాం. అమ్మమ్మ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అంది:

"ఆ రేకుల ఇళ్ళకి అన్ని రంగులేవిటే? పైగా పిల్లదాన్నేసుకుని అన్ని వీధులా? నీ వెనక తిరగలేక నా కాళ్ళు పీకేశాయి."

"అవన్నీ నీకెలా తెలుసు అమ్మమ్మా?"

"ఓడ దిగాక నువ్వు పిలిచావా? మరి ఎవరో ఒకళ్ళు పిలవద్దూ?" అని బియ్యం చెరగడం మొదలుపెట్టింది.

ఆవిడ ఏలూరు దాటి ఎరగదు. ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టడం లేదు.

ఇవాళ కొల్లేటి నుంచి వస్తూ పడవ దిగగానే నీళ్ళవైపు తిరిగి, నేనే పాపను పేరు పెట్టి పిలిచాను. ముందు నడుస్తున్న పద్మ ఆగి, "ఇక్కడే ఉన్నాగా అమ్మా" అంది.

అయినా ఇంకోసారి పిలిచాను.