ఇప్పపువ్వు వేళకు బడిగంట

2004 జూన్‌లో లెక్కల స్కూల్ అసిస్టెంట్‌గా నాకు పినపాక దాటి అడవిలో ఉన్న ఒక ప్రాథమికోన్నత పాఠశాలకు బదిలీ అయింది. మాది పెనుబల్లి పక్క. అటువైపు పోస్టింగ్ అనగానే ఇంట్లో అందరూ చావుకబురు విన్నట్టు మొహాలు పెట్టారు. ఊరి పేరు రాయను. నాకు తెలిసిన వాళ్ళు అక్కడింకా ఉన్నారు.

ఏడో తరగతి వరకు ఉన్న బడికి గెజిటెడ్ హెడ్మాస్టర్ ఉండరు. స్కూల్ అసిస్టెంట్లలో సీనియర్ ఎవరైతే వారే ఆ కుర్చీలో కూర్చోవాలి. నేను చేరేసరికి అందులో నఫీసా బేగం గారున్నారు. మణుగూరులో బట్టలు కుట్టే కుటుంబం వారిది. సన్నటి మనిషి, గొంతు మాత్రం ఊరవతలికి వినిపించేది. మెమోలు రాయడం ఆమెకు చేతకాదు. టీచరెవరైనా ఆలస్యంగా వస్తే ఏమీ అనేవారు కాదు, ఆ క్లాసులో తానే పాఠం చెబుతూ కనిపించేవారు. గుమ్మంలో నిలబడి అది చూడటం కంటే నాలుగు చివాట్లు తినడమే నయం. నాకది రెండుసార్లు జరిగింది, మూడోసారి జరగనివ్వలేదు.

ఆమె అసలు సంగతి నాకు మార్చిలో అర్థమైంది. మార్చి మధ్య నుంచి రాష్ట్రమంతా ఒంటిపూట బడులు, పొద్దున ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా. ఎండల కోసం పెట్టిన నిబంధన, మంచిదే. కానీ ఆ అడవిలో సరిగ్గా అప్పుడే ఇప్పపువ్వు రాలుతుంది. రాత్రంతా రాలినదాన్ని తెల్లవారుజామునే ఏరాలి, పొద్దెక్కితే పశువుల పాలవుతుంది. కోయవాళ్ళ ఇళ్ళకు ఏడాదిలో పెద్ద ఆధారం అదే కాబట్టి ఇంటిల్లిపాదీ చెట్ల కిందే ఉంటారు. పిల్లలు తిరిగొచ్చేసరికి పది దాటుతుంది. మనం ఎనిమిదింటికి గంట కొడితే వినేదెవరు?

అందుకని మేడం ఆ కొన్ని వారాలు బడిని పదిన్నరకు తెరిచి నాలుగింటిదాకా నడిపేవారు. స్టాఫ్ ఒప్పుకోవాలి కదా! మధ్యాహ్నానికి ఇల్లు చేరే సుఖం వదులుకుని, రేకుల కప్పు కింద ఆ మంటలో పాఠాలెవరు చెబుతారు? చెప్పారు. మొదటి ఏడు ఆమె ఒక్కరే కూర్చున్నారట. తర్వాత శ్రీనివాస్ కూర్చున్నాడు. అతను సెకండరీ గ్రేడ్ టీచరు, యూనియన్ మనిషి, సర్వీసు రూల్సు నాలుక చివర పెట్టుకుని తిరిగే రకం. నేను చేరే నాటికి ఇంటింటికీ తిరిగి పిల్లల్ని వెంటబెట్టుకొచ్చేది అతనే. కోయభాషలో తిట్లు కూడా నేర్చుకున్నాడు మహానుభావుడు.

దీనికి కాగితం మీద అనుమతి లేదు. పాత జిల్లా విద్యాధికారిని మేడం అడిగితే, నడుపుకో అమ్మా, రాసిమ్మని మాత్రం అడగకు అన్నారట. ఆ ఒక్క మాట మీద ధీమాగా ఉన్నాం. 2006 మొదట్లో ఆయన బదిలీ అయిపోయారు, ఆయనతో పాటు ఆ మాటా పోయింది.

ఆ ఏడాది ఏడో తరగతిలో పాయం లక్ష్మి అని ఒక అమ్మాయి ఉండేది. ఏడో తరగతికి అప్పట్లో జిల్లా అంతటికీ ఒకే పరీక్ష. గట్టెక్కితే భద్రాచలంలో హాస్టల్లో ఉండి ఎనిమిది చదవొచ్చు. వాళ్ళమ్మ బుచ్చమ్మ నా ఎదుటే మేడంతో తేల్చి చెప్పింది. "పాసైతే పంపుత మేడం. తప్పితే మల్ల నన్నడగొద్దు. ఆకుకు తీస్కపోత." ఆకు అంటే తునికాకు, బీడీలు చుట్టేది. మేడం సరేనని, లక్ష్మి లెక్కలు నాకు అప్పగించారు.

కొత్త అధికారి ఆకస్మిక తనిఖీలు మొదలుపెట్టారు. ఆయన్ని తప్పుపట్టను. టీచర్లు వంతులేసుకుని వచ్చే బడులు, అసలు తాళమే తీయని బడులు అడవిలో ఎన్నో ఉండేవి. ఆ మార్చిలో ఒకరోజు ఎనిమిదింటికి జీపు మా బడి ముందు ఆగింది. తలుపుకు తాళం. మేము వెళ్ళేసరికి, పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే ఆమె సంగతి చెప్పింది. "పెద్దసారు వచ్చిండు. తాళం ఫొటో తీపిచ్చిండు. పోరగాండ్లేరని అడిగితే పువ్వుకు పోయిండ్రని చెప్పిన. నవ్విండు, పోయిండు."

మేడంను సస్పెండ్ చేశారు. సీనియారిటీలో నేను తర్వాతివాణ్ణి కనుక పూర్తి అదనపు బాధ్యత నా నెత్తిన పడింది. ఎనిమిదికి బడి తెరవాలని ఉత్తర్వు. ఒళ్ళు మండి ఖమ్మం వెళ్ళి అధికారిని కలిశాను. ఓపిగ్గానే విన్నారు. మీరు చెప్పేది నిజమే కావచ్చు, కానీ రేపు తాళమేసిన ప్రతి బడీ ఇదే చెబుతుంది, అప్పుడు నేనెవర్ని నమ్మాలి అన్నారు. తిరుగు బస్సెక్కాను.

మర్నాటి నుంచి స్టాఫంతా ఎనిమిదికి ముందే హాజరు. బడి నిండా టీచర్లు, బెంచీలు ఖాళీ. పిల్లలు పదిన్నరకు వస్తే మిగిలేది రెండు గంటలు, అందులో భోజనం పోను చదువెంత? మధ్యాహ్నం కూడా ఉందామని శ్రీనివాస్‌ని బతిమాలాను. అతను కోపంగా కూడా అనలేదు. "మేడం మీద నమ్మకంతోటి ఉన్నం సార్. ఆమెకేమైందో చూసినం. ఎనిమిదింటికి రమ్మన్నరు, వచ్చినం. ఇంకేంది?"

బుచ్చమ్మ ఇంటికి వెళ్ళాను. "పువ్వు మీ గంట ఇంటదా సారూ? మొన్నటిదాంక మా కోసం మీరే ఆగేటోళ్ళు. ఇప్పుడేందైంది?" అని అడిగింది.

చివరికి మధ్యాహ్నాలు నేనొక్కణ్ణే కూర్చున్నాను, మేడం మొదట్లో కూర్చున్నట్టే. లక్ష్మితో పాటు కొందరు వచ్చారు. వారం తిరక్కముందే మండలం ఆఫీసు నుంచి ఫోను. వేళ దాటాక పిల్లల్ని ఉంచుకుంటే, ఎవరికైనా వడదెబ్బ తగిలితే ఉద్యోగం నీదే పోతుందన్నారు. నాకు ఇద్దరు పిల్లలు. బడికి తాళమేసి ఇంటికొచ్చాను.

పరీక్షలో మా వాళ్ళు ఎక్కువమంది తప్పారు. లక్ష్మి మిగతావన్నీ గట్టెక్కి లెక్కల్లో పోయింది. నా సబ్జెక్టులో! మే నెలలో తునికాకు కల్లం పక్కగా పోతుంటే ఆకు కట్టలు కడుతూ కనిపించింది. నన్ను చూసి కట్ట పక్కన పెట్టి లేచి నిలబడి, "గుడ్ మార్నింగ్ సార్" అంది, క్లాసులో అన్నట్టే. కూర్చోమ్మా అన్నాను.

ఆ ఆగస్టు పదిహేనున నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. దేనికనుకున్నారు? సమయపాలనకు. చప్పట్లు కూడా కొట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను.

విచారణ ముగిశాక మేడంకు ఒక ఇంక్రిమెంట్ కోసి, సారపాక వైపు బడికి వేశారు. మరుసటి వేసవిలో ఆమెను చూడ్డానికి వెళ్ళాను. పన్నెండున్నర కాగానే గంట కొట్టించి బ్యాగు సర్దుకున్నారు. ఒక పిల్లవాడు ఏదో అడగబోతే రేపు రమ్మన్నారు. ఆ గొంతు పక్క గదికి కూడా వినపడదు. మా బడి కబుర్లు ఎత్తబోతే, "వద్దు సార్. ఇప్పుడు నేను మంచి హెడ్మిస్ట్రెస్‌ని. నా మీద ఒక్క మెమో లేదు" అన్నారు. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

సర్వీసంతటిలో నేను తెలుసుకున్నది ఇది. సిబ్బంది పనిదొంగలు కారు, మహాత్ములూ కారు. పైనున్న మనిషి ఏది అడిగితే అది ఇస్తారు. నఫీసా బేగం పిల్లలు కావాలని అడిగారు, ఎండలో తిరిగి తెచ్చిచ్చారు. ఆఫీసేమో టైం అడిగింది, టైం ఇచ్చారు. నేను అక్కణ్ణుంచి వచ్చేసిన కొన్నేళ్ళకు, పిల్లలు లేరని ఆ బడిని మూసి పక్క ఊరి బడిలో కలిపేశారు. ఆఖరి రోజు కూడా సరిగ్గా ఎనిమిదింటికే తెరిచారట.