మూకీ రీలులో నా ఉపన్యాసం

మనిషి పరువు పోవాలంటే మామూలుగా ఒక నోరు, వినే నాలుగు చెవులు ఉండాలి. చెవులతో పనే లేకుండా, శబ్దమే రాని సినిమాలో, బియ్యపు గోదాము నిండా కూర్చున్న జనం ముందు నా పరువు ఎట్లా పోయిందో చెబుతాను. పోయింది నాదే కాబట్టి మీరు నిశ్చింతగా నవ్వుకోవచ్చు.

అది అరవైల నాటి మాట. నాకు ఇరవై మూడేళ్లు. బళ్లారిలో ఒక ఫోటో స్టూడియోలో పని. పెళ్లికొడుకుల గడ్డాలు పైకెత్తడం, పెళ్లికూతుళ్ల తలలు కిందికి దించడం నాకు వచ్చిన విద్య. ఆ విద్యతో ఎంతటి సినిమానైనా తీసిపారేయగలనని నా నమ్మకం. మా యజమాని దగ్గర గడియారానికి ఇచ్చినట్టు కీ ఇస్తే నడిచే చిన్న సినిమా కెమెరా ఉండేది. బొమ్మ పడుతుంది, శబ్దం రాదు.

ఆ రోజుల్లోనే మారెప్ప పరిచయమయ్యాడు. యశ్వంతనగర్ గనుల్లో ఇనుపరాయి మోసేవాడు. అతనికీ, అతని ముగ్గురు స్నేహితులకూ పుట్టుకతోనే వినపడదు. నలుగురూ పరుగు మొదలుపెడితే వెనకాల దుమ్ము మాత్రమే మనకు మిగిలేది. మద్రాసులో వినపడనివాళ్లకు పరుగుపందాలు పెడుతున్నారని తెలిసింది. పోవడానికి దారిఖర్చులు లేవు. సిరుగుప్ప దగ్గర దేశనూరులో కాలువ కింద వరి పండిస్తూ బియ్యం మిల్లు నడిపే కోస్తా ఆసామి రాయుడుగారు, "వాళ్ల పరుగు నా కళ్లతో చూస్తే రైలు టికెట్లు నేనే కొంటాను" అన్నారట. మోకాళ్ల నొప్పులతో ఆయన దేశనూరు దాటరు. అయితే పరుగునే రీలులో పెట్టి దేశనూరు తీసుకుపోతానని నేను బయలుదేరాను. నలుగురినీ అక్కడికే తీసుకుపోయి పరిగెత్తిస్తే సరిపోయేది, కానీ అప్పుడు నా సినిమా ఏమవుతుంది? ఆ టికెట్లతో పాటు నాకూ ఒక టికెట్ వస్తే మద్రాసులో పందాలు కూడా తీసి గొప్ప డాక్యుమెంటరీ చేయాలని నా ఆలోచన.

బస్సుకు డబ్బులు పెట్టే స్తోమత లేదు. గనులకు పోయే ఖాళీ లారీలో ఎక్కి యశ్వంతనగర్ చేరేసరికి తల నుంచి కాలి దాకా ఎర్రమట్టి. మారెప్ప చెల్లెలు ఎల్లమ్మ నన్ను చూసి, "ఏందన్నా, గనిలోంచి తవ్వి తీసినట్టు ఉండావు" అంది. ఆ అమ్మాయికి వినపడుతుంది. అన్న సైగలను మాకు మాటల్లో చెప్పేదీ, మా మాటలను అతనికి సైగల్లో చెప్పేదీ ఆమే.

పరుగు మాత్రం అద్భుతంగా వచ్చింది. లారీ వెనక తొట్టిలో నేను కెమెరా పట్టుకుని కూర్చున్నాను. ఎల్లమ్మ తెల్ల తుండుగుడ్డ కిందికి దించగానే నలుగురూ లేచారు. మారెప్ప మొహం కెమెరా దగ్గరికి వస్తూ వస్తూ బొమ్మంతా నింపేసింది. అంత మంచి బొమ్మ నేను మళ్లీ తీయలేదు.

అక్కడితో దిగి ఇంటికి పోయి ఉంటే ఈ కథ లేదు. రీలులో కొంచెం ఫిల్ము మిగిలింది. సినిమా తీసిన మహానుభావుడి ముఖం ప్రేక్షకులకు చూపించాలి కదా. కెమెరా ఎల్లమ్మ చేతికిచ్చి, ఎక్కడ నొక్కాలో చూపించి, ఎదురుగా నిలబడ్డాను. పెదవులు కదపాలి, కానీ చెప్పడానికి ఏమీ తోచలేదు. శబ్దం రానప్పుడు ఏమన్నా ఒకటే అనుకుని, ముఖం నిండా చిరునవ్వు పెట్టుకుని, చేతులు తిప్పుతూ మొదలుపెట్టాను.

"దేశనూరు రాయుడు అని ఒకాయప్ప ఉండాడు. మొగం సూస్తే ఆముదం తాగిన దున్నపోతు. ఆ బొజ్జకు పరుగంటే ఏం తెలుస్తాదప్పా. పోనీ, టికెట్లు ఇస్తే సాలు. ఈళ్లు పరిగెత్తుతాంటారు, నేను మద్రాసులో కాపీ తాగుతాంటా." చివర వినయంగా నమస్కారం పెట్టాను.

ఎల్లమ్మ కెమెరా దించింది. "అవేం మాటలన్నా?"

"శబ్దం రాదు లేమ్మా."

"మా యన్న శబ్దం లేకుండానే అన్నీ యింటాడు గదన్నా."

"సుమ్నే ఊరుకోమ్మా, సినిమా సంగతి నీకు తెలీదు" అన్నాను. ఆ వయసులో నాకు తెలియనిది ఒక్కటీ లేదు.

రీలు మద్రాసులో కడిగించి తెప్పించేసరికి నెల పట్టింది. అందరం వడ్ల లారీ మీద దేశనూరు పోయాం. మధ్యాహ్నం పూట గోదాము తలుపులు మూసి, గోడకు పంచె కట్టి, స్టూడియో నుంచి తెచ్చిన ప్రొజెక్టర్ తిప్పాను. రాయుడుగారు పడక కుర్చీలో, పక్కనే వాళ్లమ్మాయి సుశీల, వెనకాల మిల్లు కూలీలు. రీలు చివర ఉన్న నా ముక్కను కత్తిరించి మొదట్లో అతికించాను కాబట్టి, ముందుగా పంచె మీద నేను ప్రత్యక్షమయ్యాను. చాలా అందంగా ఉన్నాననిపించింది.

మారెప్ప కిసుక్కున నవ్వాడు. అతని స్నేహితులు ఒకరి మీద ఒకరు పడిపోయారు. ఇంతలో సుశీల తండ్రి భుజం తట్టి, తలకు రెండు వైపులా వేళ్లతో కొమ్ములు పెట్టింది. తర్వాత గ్లాసు ఎత్తి తాగినట్టు చూపించి, ముఖం చేదుగా పెట్టింది. ఆ పైన తండ్రి బొజ్జ వైపు వేలు చూపించింది.

నా చేతిలో ప్రొజెక్టర్ ఆగిపోయింది.

"మా అమ్మాయికి పుట్టుకతోనే వినపడదయ్యా" అన్నారు రాయుడుగారు తాపీగా. "పెదాలు చూసి మాట పట్టేస్తుంది. ఈ పందాల సంగతి నాకెందుకు పట్టిందనుకున్నావు? దున్నపోతునంటే ఒప్పుకుంటాను. ఆముదం ఎప్పుడు తాగానో చెప్పు."

నెల రోజుల ముందు ఉండవలసిన మౌనం నాకు అప్పుడు వచ్చింది. రాయుడుగారు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయారు. నలుగురి ప్రయాణం నా మూతి దగ్గర ఆగిపోయిందని నాకు అర్థమైంది.

అప్పుడు మారెప్ప లేచాడు. నవ్వు పోయింది. రాయుడుగారి ఎదుట నిలబడి చేతులతో నెమ్మదిగా ఏదో చెప్పాడు. ఎల్లమ్మ దాన్ని మాటల్లో చెప్పింది.

"ఆయప్ప నోరు సూడొద్దంట సామీ. మా కాళ్లు సూడమంటాండాడు."

రాయుడుగారు మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. "మాటలు చాలు, మిగతాది వెయ్యి" అన్నారు నాతో. మిగతా రీలు తిప్పాను. ఎర్రటి దారి మీద నలుగురూ గాలిలా వచ్చేశారు. అయిపోయాక మళ్లీ వెయ్యమన్నారు. మూడోసారి సుశీల వెయ్యమని సైగ చేసింది. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది.

నలుగురికీ, ఎల్లమ్మకూ టికెట్లు ఇచ్చారు. "నీకు ఇవ్వనయ్యా. కాఫీ బళ్లారిలోనూ దొరుకుతుంది" అన్నారు నాతో. అట్లా నా గొప్ప డాక్యుమెంటరీ దేశనూరు గోదాములోనే సమాప్తమయింది.

మారెప్ప రెండో బహుమతి తెచ్చుకున్నాడు. బళ్లారి స్టేషనుకు ఎదురుపోయాను. వాళ్లతో పాటు వచ్చిన కొత్త స్నేహితులకు నన్ను పరిచయం చేస్తూ, మూతి ముందు ఐదు వేళ్లూ కలిపి టపటపా తెరిచి మూశాడు. అందరూ తలలూపి, అదే సైగ చేసి నాకు నమస్కారం పెట్టారు.

"ఏమంటాండాడు?" అని ఎల్లమ్మను అడిగాను.

"నీ పేరన్నా. మద్రాసులో అందరికీ సెప్పేసినాడు."

పాఠక మహాశయులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కెమెరా ముందూ పెదవి విప్పను. విప్పక తప్పదంటే, ఎదుటివారి ఆరోగ్యం బాగుండాలని మాత్రమే అంటాను. అదీ మూతికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని.