దిగమన్న బజారు

మా పెద్దనాన్న ఇన్నయ్యను ఎరిగినవాళ్ళు ఇప్పటికీ ఆయన్ని మొండివాడనే అంటారు. అననివ్వండి. మొండితనం లేని మర్యాదస్తులు ఆ రోజుల్లో మా పల్లెల్లో చాలామందే ఉండేవారు. వాళ్ళ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు, నాకూ రాయబుద్ధి కాలేదు.

ఆయన నరసరావుపేట వైపు ఒక విచారణలో, అంటే ఒక ఫాదర్ గారి కిందుండే చర్చి పల్లెల్లో, ఉపదేశి. ఫాదర్ గారు రోజూ ఊరూరా తిరగలేరు గనక, పల్లెల్లో జపాలు నేర్పడం, పిల్లల చేత అక్షరాలు దిద్దించడం, చావుకైనా పెళ్ళికైనా అందరికంటే ముందు వెళ్ళి నిలబడటం ఉపదేశి పని. ఏటా తపసు కాలంలో, అంటే ఈస్టరుకు ముందు రోజుల్లో, ఫాదర్ గారు సైకిలు మీద మాచవరం దాకా పల్లెలన్నీ చుట్టివచ్చేవారు. ఆయనకంటే ముందుగా మా పెద్దనాన్న తన సైకిలు మీద ఆ దారంతా తిరిగి, ఎక్కడ బాగుందో ఎక్కడ చెడిందో చూసి వచ్చి చెప్పాలి.

ఫాల్గుణంలో పల్నాడు దారులు చూసినవాళ్ళకు ఈ పని ఎలాంటిదో తెలుసు. వానాకాలంలో బండిని ఇరుసు దాకా మింగిన నల్లరేగడి అప్పటికి ఎండి రాయవుతుంది. సైకిలు చక్రం బండ్ల గాడిలో పడిందంటే ఇక బయటికి రాదు, గాడి ఎటు పోతే అటే పోవాలి. తప్పించుకుని గట్టెక్కితే పల్లేరుకాయలు. పోనీ కోసిన చేలో అడ్డంగా పోదామంటే, కొడవలి ఏటవాలుగా తెగ్గోసిన జొన్నకొయ్యలు. వాగులో నీళ్ళు తగ్గుతాయి గానీ అడుగున నాపరాళ్ళు పాచిపట్టి జారతాయి. పొద్దున చల్లగా ఉంది కదా అని బయల్దేరితే, ఎండెక్కేసరికి మిరప కళ్ళాల మీదుగా వచ్చే గాలి గొంతు పట్టుకుని దగ్గిస్తుంది. ఇవేవీ మా పెద్దనాన్నకు కష్టాలుగా తోచేవి కావు. ఆయనకు కష్టమల్లా ఎర్రగుంటపాడు ఒక్కటే.

నకరికల్లు దాటాక ఆ ఊరు వస్తుంది. దారి ఊరి నడిబజారు గుండానే పోతుంది. డిస్ట్రిక్టు బోర్డు వాళ్ళు కంకర పోసి చదును చేసిన బజారు అది. అంత మంచి బాట ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. ఆ బజారులో, అంటరానివాళ్ళమని ఊరి వెలుపల ఉంచిన మా పల్లెల వాళ్ళు సైకిలెక్కి పోకూడదు. ఎవరు పెట్టారో తెలియదు, కట్టుబాటు. దిగి, నెట్టుకుంటూ, తల వంచుకుని పోవచ్చు. మిగతావాళ్ళు అలాగే పోయేవారు. మా పెద్దనాన్న దిగేవాడు కాదు. దిగమనే బజారులోకి అసలు పోనే పోనని, ఊరి వెలుపల జొన్నచేల వెంట చుట్టుదారి పట్టేవాడు. ముళ్ళు దిగేవి, టైర్లు చిరిగేవి. సైకిలును భుజాన వేసుకుని మోసిన ఏళ్ళూ ఉన్నాయి. ఇంటికొచ్చాక మా పెద్దమ్మ ఆరోగ్యమ్మ ఏటా ఒకటే మాట అడిగేది.

“దిగితే ఏం పోయింది? నాలుగంగలు నెట్టుకుంటే ఏమన్నా తెగిపోద్దా?”

“తెగిపోద్ది,” అనేవాడాయన. ఏది తెగుతుందో మాత్రం చెప్పేవాడు కాదు.

అలా నడుస్తుండగా యుద్ధం వచ్చింది. నలభై నాలుగు నాటికి కొత్త టైరు కంటికి కనబడటం మానేసింది. ఆ మాఘంలో మా పెద్దనాన్న సైకిలు వెనక టైరు చీలిపోతే నరసరావుపేటలో సైకిళ్ళు బాగుచేసే సుభానీ దగ్గరికి నడిపించుకుపోయాడు. సుభానీ లోపల పాత టైరు ముక్క పెట్టి, చెప్పులు కుట్టే దారంతో కుట్టి, చేతులు తుడుచుకున్నాడు.

“రబ్బరొచ్చే దేశాలన్నీ జపానోళ్ళు పట్టుకున్నారంట బాబాయ్. ఇది పోతే ఇంకోటి యాడా దొరకదు. సాపు బాటనైతే చానాళ్ళు వస్తది. పల్లేర్లలోకి, కొయ్యల్లోకి దింపావా, ఆ పూటే ఆఖరు.”

ఇంటికొచ్చి ఆయన ఆ రోజంతా ఇదే లెక్క వేసుకున్నాడు. టైరు పోతే సైకిలు పోయినట్టే. సైకిలు పోతే ఆ పల్లెలన్నీ కాళ్ళతో తిరగాలి. చుట్టుదారిన పోతే టైరు దక్కదు. బజారున పోతే దిగాలి. రెండూ ఆయన వల్ల అయ్యేవి కావు. తెల్లవారేసరికి మూడో మాట తేల్చుకుని ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళాడు. ఈసారి ఎర్రగుంటపాడు బజారున సైకిలు మీదే పోతున్నానని ముందే చెప్పాడు. ఫాదర్ గారు మంచివారే. మంచివాళ్ళు చెప్పే మాటే చెప్పారు.

“ఇది తపసు కాలం ఇన్నయ్యా. కాస్త దిగి నడిస్తే వినయం అవుతుంది. గొడవెందుకు?”

“అక్కడ తమరు దిగుతున్నారా అండీ?”

ఫాదర్ గారు పెద్ద కులంలోంచి వచ్చినవారు. ఆయన్ని ఆ బజారులో దిగమన్నవాళ్ళు లేరు. మా పెద్దనాన్న దండం పెట్టి వచ్చేశాడు. ఆయనకు ఆ సంగతి మీద కోపం లేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఉంది.

బయల్దేరిన రోజున, ఎండ ఇంకా చురుక్కుమనక ముందే ఎర్రగుంటపాడు చేరాడు. బజారు మొదట్లో ఆగి, పంచె ఎగదోపి, తొక్కుకుంటూ లోపలికి పోయాడు. గంట కూడా కొట్టాడట. ఎదురుగా కోడిపిల్ల కూడా లేదు, అయినా కొట్టాడు. ఈ ముక్క చెప్పినప్పుడల్లా నవ్వేవాడు.

సగం బజారు దాటేసరికి ఊరిపెద్ద నాగభూషణరావు గారు తన ఇంటి అరుగు మీద నుంచి చూశారు. మిరపకాయల బస్తాలతో ఆయన బండే ఎదురుగా వస్తోంది. దాన్ని బజారుకు అడ్డం పెట్టమని పాలేరును కేకేశారు. ఆ పాలేరు ప్రభుదాసు. మాకు చుట్టమే, మా పెద్దనాన్నను మామా అని పిలిచేవాడు. బండి అడ్డం పెట్టి, తల వంచుకుని ఎద్దుల పక్కన నిలబడ్డాడు.

మా పెద్దనాన్న సైకిలు ఆపాడు, దిగలేదు. సీటు మీదే కూర్చుని ఒక కాలు పక్కింటి అరుగుకు ఆనించుకున్నాడు. మావాళ్ళ కాలు అరుగుకు తగలడం ఆ ఊళ్ళో ఇంకో నేరం.

“ఏందిరా ఇన్నయ్యా, కళ్ళు నెత్తికెక్కినయ్యా?” అన్నారు నాగభూషణరావు గారు.

“లేదండి. బాట మీదనే ఉన్నయ్యి. గుంటలు చూసుకోవాలిగా.”

“దిగు.”

“ఇది బోర్డు బాటండి. సైకిలుకు పన్ను కట్టిన బిళ్ళ కూడా ఉంది, చూడండి. దిగి నడవమని దాని మీద రాయలేదు.”

“దిగకపోతే దింపిస్తా.”

“దింపించండి.”

చిక్కంతా అక్కడే వచ్చింది. దింపాలంటే ముట్టుకోవాలి. రెక్క పట్టాలి, నడుం పట్టాలి. అలా పట్టినవాడు నెత్తిన నీళ్ళు పోసుకుని, కట్టుబట్టలు తడిపితే గానీ ఇంటి గడప తొక్కకూడదు. అదీ ఆ ఊరు పెట్టుకున్న కట్టుబాటే. అరుగుల మీది మగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నువ్వు పట్టంటే నువ్వు పట్టనుకున్నారు. కాసేపటికి ఒకడు ఎద్దులను పొడిచే ముల్లుగర్ర తెచ్చి ఆయన వీపులో పొడిచాడు. కర్రకు అంటు లేదు కాబోలు. చొక్కా మీద నెత్తురు మరక విచ్చుకుంది. ఆయన హ్యాండిలు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు గానీ సీటు వదల్లేదు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.

చివరికి నాగభూషణరావు గారికి దారి తోచింది. మావాణ్ణి ముట్టుకోగలవాడు మావాడే.

“ఒరేయ్ ప్రభుదాసూ, వాణ్ణి కిందికి లాగిపారెయ్‌రా.”

ప్రభుదాసు వచ్చి నిలబడ్డాడు. చిన్నప్పటినుంచీ ఆ ఇంటి కూడు తిని పెరిగినవాడు. పెళ్ళామూ పిల్లలూ ఆ ఇంటి చాకిరీ మీదే బతుకుతున్నారు. మా పెద్దనాన్న అతన్ని తిట్టలేదు, బతిమాలలేదు. “నీకు ఏది తోస్తే అది చెయ్యరా. నేను మాత్రం దిగను,” అన్నాడు.

ప్రభుదాసు వెనక్కి తిరిగి బండి దగ్గరికి పోయాడు. కాడి పట్టుకుని, ఎద్దులను అదిలించి, బండిని గోడవారకు తిప్పాడు. అయ్యగారు ఏదో అరుస్తున్నా తిరిగి చూడలేదు. మళ్ళీ వచ్చి సైకిలు క్యారియరు పట్టుకుని వంగి ఒక్క తోపు తోశాడు.

“తొక్కు మామా.”

తొక్కాడు. వెనక నుంచి తిట్లు, రాళ్ళు వస్తున్నాయి. బజారు చివరి దాకా ప్రభుదాసు క్యారియరు వదలకుండా పరుగెత్తాడు. ఊరు దాటాక ఆగి వెనక్కి చూశాడు.

“ఇంక నాకీ ఊళ్ళో పని లేదు మామా. ఇంటికి పోదామన్నా పల్లె అటుపక్క ఉండె. ఆ బజారునే పోవాల.”

“అయితే ఎక్కు.”

“యాడికి?”

“మీ ఇంటికే. దింపొస్తా.”

ప్రభుదాసు అంతకుముందు సైకిలెక్కి ఎరగడు. క్యారియరు మీద కూర్చుని, నెత్తుటి మరక మీదనే మా పెద్దనాన్న నడుం రెండు చేతులా కరుచుకున్నాడు. ఇద్దరూ వచ్చిన బజారునే వెనక్కి బయల్దేరారు. ఇద్దరి బరువుకు సుభానీ కుట్లు ఎంతసేపు ఆగుతాయి? సరిగ్గా నాగభూషణరావు గారి అరుగు ముందర టైరు పేలింది. తుపాకీ అనుకుని అరుగు మీది వాళ్ళు లేచి లోపలికి పోయారట. ప్రభుదాసు కాళ్ళు కింద పెట్టబోయాడు.

“కూర్చోరా,” అన్నాడు మా పెద్దనాన్న.

ఉత్త ఇనుప చక్రం మీద, కంకరలో కరకరమనిపించుకుంటూ, ఆ బజారు చివరంటా తొక్కాడు. అంత అపురూపంగా కాపాడుకొచ్చిన టైరు పేలికలై ఈడ్చుకొస్తుంటే ఒక్కసారైనా వెనక్కి చూడలేదు.

ప్రభుదాసు కుటుంబం చానాళ్ళు మా పెద్దనాన్న ఇంటి పంచలోనే తలదాచుకుంది. ప్రభుదాసు భార్య వచ్చిన రోజే, బతుకు బజారుపాలు చేశావని అందరి ముందూ ఆయన్ని కడిగిపారేసింది. ఆయన తన వాటా గింజలు వాళ్ళకు కొలిచి పెట్టాడు. యుద్ధం అయ్యేదాకా ఇంకో టైరు దొరకలేదు. అన్ని పల్లెలూ కాళ్ళతోనే తిరిగాడు. ఇంటికి చేరిన రోజు మా పెద్దమ్మ ఆయన పాదాల పగుళ్ళకు ఆముదం రాస్తూ, ఉన్న టైరు పోగొట్టుకుని ఏం సాధించావయ్యా అని అడిగేది.

“దిగలేదు గదే,” అనేవాడు.